నైట్రో ట్రక్కు స్లోలో ఎందుకు ఆగిపోతుంది?

నైట్రో ఆర్‌సీ ట్రక్కు, అంటే మిథనాల్, నైట్రోమీథేన్ కలిసిన ఫ్యూయల్‌తో నడిచే చిన్న రిమోట్ కంట్రోల్ ట్రక్కు, కొన్నవాళ్ల దగ్గర మొదటి నెలలోనే వినిపించే ఫిర్యాదు ఒకటుంది. స్టార్ట్ అవుతుంది, థ్రాటిల్ ఇస్తే దుమ్ము లేపుకుంటూ పోతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. లేదంటే దీనికి పూర్తిగా ఉల్టా: థ్రాటిల్ వదిలినా రేసింగ్ తగ్గదు, బ్రేక్ పట్టి ఉంచకపోతే బండి దానంతటదే ముందుకు పాకుతుంది. తిరుపతిలో ఏ బైక్ మెకానిక్ షెడ్డు దగ్గర ఈ మాటన్నా వచ్చే సలహా తెలిసిందే. "స్లో కొంచెం పెంచి చూడన్నా" అంటారు, రెండో రకానికైతే "కొంచెం తగ్గించు" అంటారు. బైకుకి ఆ సలహా చాలాసార్లు పనిచేస్తుంది. నైట్రో ఇంజన్‌లో మాత్రం అది అసలు జబ్బును కప్పిపెడుతుంది. జబ్బు లోపల పెరిగి క్లచ్ షూలనో పిస్టన్‌నో తినేశాక బయటపడుతుంది. స్లోని (ఐడిల్‌ని) పెంచి తగ్గించే ఐడిల్ స్క్రూ అన్నిటికంటే చివర ముట్టుకోవాల్సిన స్క్రూ. అంతకంటే ముందు చూడాల్సింది ఇంజన్ ఎప్పుడు ఆగుతోందన్నది. స్టార్ట్ చేయడానికి ప్లగ్‌కి తగిలించే ఇగ్నైటర్ తీయగానే ఆగిందా, కాసేపు స్లోలో తిరిగాక ఆగిందా, ఫుల్ స్పీడులో వచ్చి నిలబడ్డాక ఆగిందా, బ్రేక్ వేస్తే ఆగిందా? ఒక్కోదానికి కారణం వేరు.

అసలు ఈ ఇంజన్‌కి స్లోలో తిరగడమే కష్టమైన పని. బైకులో స్పార్క్ ప్లగ్‌కి ప్రతిసారీ కరెంటు అందుతుంది కాబట్టి ఇంజన్ చల్లగా ఉన్నా, మెల్లగా తిరిగినా నిప్పురవ్వ ఖాయం. నైట్రో ఇంజన్‌లో స్పార్క్ అనేదే లేదు. గ్లో ప్లగ్ అడుగున ప్లాటినం కలిసిన సన్నని తీగ చుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఇగ్నైటర్ నుంచి వచ్చే 1.2 నుంచి 1.5 వోల్టుల కరెంటుతో అది ఎర్రబడుతుంది. ఇగ్నైటర్ పీకేశాక కరెంటు లేదు. అంతకుముందు విడత మండిన వేడి, ప్లాటినానికీ మిథనాల్ ఆవిరికీ మధ్య జరిగే రసాయన చర్య, ఈ రెండే ఆ తీగను ఎర్రగా నిలబెట్టాలి. ఫుల్ థ్రాటిల్‌లో నిమిషానికి 30 వేల చుట్ల దగ్గర వేడికి కొదవుండదు. ఐడిల్‌లో మాత్రం ఆ తీగ బూడిద కప్పిన కుంపటిలో నిప్పులాంటిది. ఫ్యూయల్ కొంచెం ఎక్కువైతే ఆరిపోతుంది, గాలి కొంచెం ఎక్కువైతే రాజుకుంటుంది. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ ఈ ప్లగ్‌ను అమ్మకానికి తెచ్చాక చిన్న ఇంజన్లకు బ్యాటరీ, కాయిల్ మోసే బాధ తప్పింది. దాంతోపాటు ఈ ఐడిల్ తలనొప్పీ వచ్చింది.

ఫ్యూయల్ సంగతి కూడా బైకుకి పోలిక లేనిది. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. మిథనాల్‌కి 6.4 గ్రాములు చాలు. నైట్రోమీథేన్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి 1.7 గ్రాములతో సరిపోతుంది. అంటే అదే గాలికి ఈ ఇంజన్ పెట్రోల్ ఇంజన్ కంటే రెండింతలకు పైగా ద్రవాన్ని మింగాలి. దానికి తోడు లూబ్రికేషన్ కోసం ఆముదమో, సింథటిక్ నూనెనో అందులోనే కలిసి ఉంటుంది. ట్రక్కుల్లో వాడే ఇంజన్లు 15, 18, 21 సైజుల్లో వస్తాయి. 15 అంటే 0.15 ఘనపు అంగుళాలు, దాదాపు రెండున్నర సీసీ. 18 అంటే 3 సీసీకి దగ్గర, 21 అంటే మూడున్నర. ట్రాక్సాస్ వాళ్ల 3.3 ఇంజన్ పేరులోనే దాని సీసీ ఉంది. ఇంత చిన్న క్రాంక్‌కేసులోకి అంత ద్రవం పోతున్నప్పుడు ఫ్యూయల్‌ను కొలిచే స్క్రూ, అంటే నీడిల్, ఒక్క పిసరు తేడాగా ఉన్నా ఐడిల్‌లో వెంటనే తెలిసిపోతుంది.

మూడు స్క్రూలు

కార్బురేటర్ మీద ఫ్యూయల్ పైపు వచ్చి చేరే చోట నిలువుగా ఉండేది హై స్పీడ్ నీడిల్. థ్రాటిల్ చేయి కదిలే వైపు, గాలి దారిని తెరిచి మూసే స్లైడ్ చివర ఉండేది లో స్పీడ్ నీడిల్. కార్బురేటర్ ఒంటికి ఓ మూల చిన్నగా, స్లైడ్ మూసుకుపోకుండా అడ్డుపడేది ఐడిల్ స్క్రూ. మొదటి రెండూ ఫ్యూయల్‌ను కొలుస్తాయి. మూడోది స్లైడ్ ఎక్కడ ఆగాలో చెబుతుంది, అంతే. కొన్ని కార్బురేటర్లలో మధ్య నీడిల్ అని ఇంకోటి ఉంటుంది, దాని జోలికి పోకపోవడమే మంచిది.

బైకు కార్బురేటర్ మీద చెయ్యి తిరిగినవాళ్లే ఇక్కడ ఎక్కువ పొరపడతారు. యమహా ఆర్‌ఎక్స్ 100లో స్లోకి ఉండేది ఎయిర్ స్క్రూ. దాన్ని బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం రిచ్ అవుతుంది, అంటే ఫ్యూయల్ వాటా పెరుగుతుంది. నైట్రో కార్బురేటర్‌లో ఉండేవి ఫ్యూయల్ నీడిళ్లు. బిగిస్తే ఫ్యూయల్ తగ్గి లీన్ అవుతుంది, వదులు చేస్తే రిచ్ అవుతుంది. ఆర్‌ఎక్స్ అలవాటులో 'కొంచెం రిచ్ చేద్దాం' అని బిగించుకుంటూ పోతే ఇంజన్ నూనె అందక ఎండిపోతుంది. ఫ్యూయల్ తగ్గితే లూబ్రికేషన్ కూడా తగ్గుతుందన్న సంగతి రెండు స్ట్రోకుల ఇంజన్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆర్‌ఎక్స్‌లోనైతే నూనె అందించే ఆటోల్యూబ్ పంపు వేరే ఉంది, ఇందులో ఆ రక్షణ లేదు. ఏ నీడిల్ తిప్పినా ఒకసారికి చుట్టులో ఎనిమిదో వంతు, అంటే గడియారంలో 12 నుంచి ఒకటిన్నర దాకా. ఐడిల్ దగ్గరకొచ్చేసరికి అందులోనూ సగం. తిప్పాక కనీసం అర నిమిషం నడిపి, తేడా చూసి, అప్పుడు మళ్లీ తిప్పాలి. వరసగా మూడుసార్లు తిప్పేసి తర్వాత విందాం అనుకుంటే ఏది దేనివల్ల జరిగిందో ఎవరికీ తెలియదు.

ఫ్యూయల్ ముందు హై స్పీడ్ నీడిల్ దాటుకునే లో స్పీడ్ నీడిల్ దగ్గరికి వస్తుంది. అందువల్ల పైది మారిస్తే కిందిదీ మారుతుంది. ఐడిల్ బాగోలేదని నేరుగా లో స్పీడ్ నీడిల్ పట్టుకుంటే, రేపు హై స్పీడ్ సరిచేసిన రోజు మళ్లీ మొదటికొస్తుంది. ముందు ఇంజన్ బాగా వేడెక్కాలి, హెడ్ దగ్గర 100 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి రావాలి. చల్లటి ఇంజన్‌లో చేసిన ట్యూనింగ్ వేడెక్కేసరికి పనికిరాదు. హెడ్ మీద ఒక నీటి చుక్క వేస్తే రెండు మూడు సెకన్లు బుసబుసలాడి ఆరిపోవాలి. పడీ పడగానే ఎగిరిపోతే వేడి ఎక్కువైనట్టు, మెల్లగా ఆవిరవుతూ కూర్చుంటే ఇంకా రిచ్‌గా ఉన్నట్టు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది, కానీ కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ ఇక్కడికి పనికిరాదు. మనిషి జ్వరం దాటితే అది చేతులెత్తేస్తుంది. ఫుల్ స్పీడులో పొగ సన్నని గీతలా వెనక కనిపిస్తూ, హెడ్ వేడి 130 దాటకుండా ఉంటే హై స్పీడ్ నీడిల్‌కి అది చాలు. ఇంకొంచెం స్పీడ్ కోసం పొగ పూర్తిగా పోయేదాకా బిగించేవాళ్లకు ఆ స్పీడ్ ఎక్కువ రోజులు దక్కదు.

ఆ తర్వాత లో స్పీడ్ నీడిల్‌కి పించ్ పరీక్ష. ఇంజన్ వేడిగా ఐడిల్‌లో తిరుగుతుండగా, కార్బురేటర్‌కి దగ్గరగా ఫ్యూయల్ పైపును రెండు వేళ్లతో గట్టిగా నొక్కి పట్టాలి. చెవి ఇంజన్ మీదే ఉండాలి. ఫ్యూయల్ ఆగిపోయింది కాబట్టి లోపలున్నదే వాడుకుని ఇంజన్ మెల్లగా లీన్ అవుతుంది. రెండు మూడు సెకన్లు అలాగే తిరిగి, శబ్దం కొంచెం పైకి లేచి, ఆగిపోతే నీడిల్ సరైన చోట ఉంది. నొక్కగానే శబ్దం ఏమాత్రం లేవకుండా టక్కున ఆగితే లీన్. నాలుగైదు సెకన్లు దాటినా ఆగకుండా రేసింగ్ బాగా పెరుగుతూ పోయి అప్పుడు ఆగితే రిచ్. ఖర్చు లేని ఈ పరీక్ష చాలా గొడవలను అక్కడికక్కడే తేల్చేస్తుంది. ఒక్కటే జాగ్రత్త, మఫ్లర్, హెడ్ పక్కనే ఉంటాయి, వేళ్లు కాలతాయి.

ఇవన్నీ అయ్యాకే ఐడిల్ స్క్రూ. ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బురేటర్ నోట్లోకి చూస్తే, థ్రాటిల్ పూర్తిగా వదిలినప్పుడు స్లైడ్ ఒక సన్నని సందు వదిలి ఆగాలి. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా చాలు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, కంటి అంచనాకి పక్కన పెట్టుకోవచ్చు. ఈ సందు రెండు మిల్లీమీటర్లు తెరిస్తే గానీ ఐడిల్ నిలవడం లేదంటే ఐడిల్ స్క్రూకి దానితో సంబంధం లేదు, లోపల లో స్పీడ్ నీడిల్ రిచ్‌గా ఉంది. ఎక్కువ ఫ్యూయల్‌కి ఎక్కువ గాలి ఇచ్చి ఎలాగోలా లాక్కొస్తున్నారన్నమాట. దీనికి ఉల్టాగా, స్క్రూ ఎంత తిప్పినా ఇంజన్ శబ్దంలో తేడా రాకపోతే స్లైడ్ అసలు ఆ స్క్రూని తాకడమే లేదు. రిమోట్‌లో థ్రాటిల్ ట్రిమ్ పక్కకు జరిగి ఉంటుంది, లేదా సర్వో (రిమోట్ చెప్పినట్టు కదిలే చిన్న మోటారు) నుంచి వచ్చే కడ్డీ పొట్టిదై స్లైడ్‌ను పట్టి లాగుతూ ఉంటుంది. రిసీవర్ బ్యాటరీ నీరసపడినా ఇదే లక్షణం, సర్వోకి స్లైడ్‌ను వెనక్కి తెచ్చే బలం ఉండదు. ఇది ఐడిల్ సమస్య మాత్రమే కాదు, బండి చేతిలోంచి జారిపోయే ప్రమాదం. సర్వో కడ్డీ దగ్గర చిన్న రిటర్న్ స్ప్రింగ్ తప్పనిసరిగా ఉండాలి.

ఎప్పుడు ఆగింది?

ఇగ్నైటర్ తీసిన మరుక్షణమే ఇంజన్ నీరసించి ఆగిపోతే మొదటి అనుమానం ప్లగ్ మీద. బయటికి తీసి ఇగ్నైటర్ తగిలిస్తే తీగ చుట్లన్నీ ప్రకాశంగా నారింజ రంగులో వెలగాలి. పైచుట్లు వెలిగి కిందివి నల్లగా ఉంటే, తీగ ఒక పక్కకు వంకర తిరిగి ఉంటే, దాన్ని ఇంకా వాడుకోవాలని చూడటం అనవసరపు పొదుపు. ముందు ఇగ్నైటర్ చార్జింగ్ చూసుకోవాలి, చాలాసార్లు ప్లగ్ మీద పడే నింద దానిది. ప్లగ్ కొత్తదే అయినా ఇగ్నైటర్ తీయగానే ఇంజన్ వేగం తగ్గుతోందంటే లో స్పీడ్ నీడిల్ రిచ్. తీగ మీద చల్లటి ఫ్యూయల్ పడి ఆరిపోతోంది. ప్లగ్గుల్లో హాట్, మీడియం, కోల్డ్ అని రకాలున్నాయి. చిన్న ఇంజన్‌కి కోల్డ్ ప్లగ్ వేస్తే ఐడిల్ నిలవడం కష్టం. ఇంజన్ మాన్యువల్‌లో చెప్పిన రకమే వాడాలి.

కాసేపు చక్కగా స్లోలో తిరిగి, పది పదిహేను సెకన్లయ్యాక శబ్దం దిగజారుతూ ఆగిపోవడం వేరే కథ. ఇది కూడా రిచ్ వల్లే, కానీ ఇక్కడ ఫ్యూయల్ క్రాంక్‌కేసు అడుగున చేరి నిలుస్తుంది. ఆగకముందే థ్రాటిల్ ఇస్తే గొంతులో నీళ్లు పడ్డట్టు గుటకలేస్తూ, తెల్లటి పొగ గుప్పుమని, తర్వాత తేరుకుని పరిగెత్తుతుంది. స్టార్టింగ్ లైన్ దగ్గర అందరూ సిద్ధమయ్యేదాకా ఎదురుచూసే బండ్లకు ఈ జబ్బు ఎక్కువ కనిపిస్తుంది. ఈ గుటకలను చూసి 'ఫ్యూయల్ అందట్లేదు' అనుకుని నీడిల్ ఇంకా వదులు చేసేవాళ్లున్నారు. తేడా సులువుగానే తెలుస్తుంది. పొగతో తడబడితే రిచ్. పొగ లేకుండా థ్రాటిల్ ఇవ్వగానే ఊపిరాగినట్టు టక్కున ఆగితే లీన్.

ఫుల్ స్పీడులో రెండు రౌండ్లు కొట్టి వచ్చి నిలబడ్డాక రేసింగ్ వెంటనే దిగకుండా కొన్ని సెకన్లు పైనే వేలాడి, ఆ తర్వాత ఆగిపోవడం అన్నిటికంటే భయపడాల్సిన లక్షణం. ఇంజన్ లీన్‌గా, అతివేడిగా ఉంది. ఈ స్థితిలో ఐడిల్ స్క్రూ తగ్గిస్తే శబ్దం దిగుతుంది, యజమాని సంతోషిస్తాడు, పిస్టన్ మాత్రం లోపల కాలుతూనే ఉంటుంది. ముందు హై స్పీడ్ నీడిల్ ఎనిమిదో వంతు వదులు చేసి, ఇంజన్ చల్లబడనిచ్చి మళ్లీ చూడాలి. అప్పటికీ వేలాడితే గాలి లీకు వెతకాలి.

బ్రేక్ వేసినప్పుడే ఆగుతోందంటే నీడిళ్లను వదిలేయవచ్చు. ట్రక్కుల్లో థ్రాటిల్‌కీ బ్రేకుకీ ఒకటే సర్వో ఉంటుంది. బ్రేక్ వైపు అతిగా కదిలితే అది కార్బురేటర్ స్లైడ్‌ను ఐడిల్ స్క్రూకేసి గట్టిగా నొక్కుతుంది, సందు కాస్తా మూసుకుపోతుంది. రిమోట్‌లో బ్రేక్ వైపు ఎండ్ పాయింట్ (సర్వో కదిలే హద్దు) తగ్గిస్తే సరిపోతుంది. బ్రేక్ వదిలాక కూడా చక్రాలు బరువుగా తిరుగుతుంటే డిస్క్ ప్యాడ్ పట్టేస్తోంది.

స్లోలోనే బండి పాకుతుంటే, ఆపి పట్టుకుంటే ఇంజన్ ఆగిపోతుంటే క్లచ్ చూడాలి. షూల స్ప్రింగులు సాగిపోవడం ఒక కారణం. ఇసుకలో తిప్పిన బండ్లలో క్లచ్ బెల్ బేరింగ్ పట్టేయడం ఇంకా మామూలు. ఇంజన్ ఆపి బెల్‌ను వేలితో తిప్పితే అది స్వేచ్ఛగా తిరగాలి. కరకరలాడితే బేరింగ్ మార్చాలి.

దొంగ గాలి

పై లక్షణాలేవీ కచ్చితంగా సరిపోకుండా, ఒక నిమిషం బాగుండి మరో నిమిషం చెడుతూ, ఐడిల్ పైకీ కిందకీ ఊగుతూ ఉంటే నీడిల్ తిప్పడం ఆపేయాలి. కార్బురేటర్ నోటి నుంచి కాక ఇంకెక్కడి నుంచో గాలి దూరుతోంది. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలే చాలా తక్కువ. అందులో సూది మొనంత లీకు కూడా పెద్ద వాటా అవుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో అదే లీకు లెక్కలోకి రాదు. అందుకే 'స్పీడులో బాగుంది, స్లోలోనే గొడవ' అన్న మాట వినగానే అనుభవం ఉన్నవాళ్ల చెయ్యి ఫ్యూయల్ పైపు మీదకి పోతుంది.

మొదట చూడాల్సింది కూడా అదే. సిలికాన్ పైపు నిపిల్ దగ్గర చీలడం, మఫ్లర్‌కి తగిలి కాలి రంధ్రం పడటం సర్వసాధారణం. ఊళ్లో సిలికాన్ పైపు దొరకలేదని బైకు పెట్రోల్ పైపు ముక్క తగిలిస్తే, కొన్నాళ్లకు మిథనాల్ దాన్ని గట్టిపరిచి నిపిల్ దగ్గర వదులు చేస్తుంది. తర్వాత ట్యాంకు. మఫ్లర్ నుంచి ట్యాంకులోకి ఒక ప్రెషర్ పైపు వెళ్తుంది, ఆ ఒత్తిడే ఫ్యూయల్‌ను కార్బురేటర్ దాకా నెడుతుంది. ట్యాంకు మూత కింద ఓ-రింగు ఎండిపోయి ఒత్తిడి జారిపోతే, ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు బండి బాగానే ఉండి, సగానికి వచ్చేసరికి లీన్ అవడం మొదలుపెడుతుంది. ట్యాంకు పరీక్ష సులభం. రెండు నిపిళ్లలో ఒకదాన్ని మూసి, రెండోదానికి పైపు తగిలించి బకెట్ నీళ్లలో ముంచి, సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొడితే బుడగ వచ్చిన చోటే లీకు. మామూలుగా నోటితో ఊదడమే చూస్తుంటాం కానీ మిథనాల్ ఉన్న పైపును నోట్లో పెట్టుకోవడం మంచి అలవాటు కాదు.

ఇంజన్‌లో దొంగ గాలి దూరే చోట్లు మూడు. కార్బురేటర్ మెడ క్రాంక్‌కేసులో దిగే చోట ఓ-రింగు, వెనక ప్లేటు గాస్కెట్, ముందు బేరింగ్. ఇంజన్‌ని ట్రక్కు నుంచి ఊడదీసి, ఎగ్జాస్ట్ రంధ్రం, కార్బురేటర్ నోరు రబ్బరు బిరడాలతో మూసి, ఫ్యూయల్ నిపిల్ నుంచి గాలి పంపుతూ నీళ్లలో ముంచితే దొంగ దొరుకుతాడు. ముందు బేరింగ్ దగ్గర అప్పుడప్పుడు ఒక బుడగ వస్తే కంగారు పడక్కర్లేదు. వరస కట్టి వస్తే మాత్రం బేరింగ్ మార్చాల్సిందే. కార్బురేటర్ మెడ దగ్గర లీకుంటే కొత్త ఓ-రింగు వేసి, బిగించే బోల్టు బిగించేటప్పుడు కార్బురేటర్‌ను కిందికి నొక్కి పట్టుకోవాలి. చాలా లీకులు ఇలా నొక్కకుండా బిగించడం వల్లే వస్తాయి. బైక్ స్పేర్ పార్ట్స్ షాపులో దొరికే అనాబాండ్ లాంటి వేడికి ఆగే సిలికాన్‌ను అంచు చుట్టూ సన్నగా రాసి రాత్రంతా ఆరనివ్వవచ్చు. ధారాళంగా రాస్తే లోపలికి కారి ఇంకో సమస్య అవుతుంది. నీటి పరీక్ష అయ్యాక ఇంజన్‌ను వెంటనే ఆరబెట్టి లోపల ఆఫ్టర్ రన్ ఆయిల్ (తుప్పు పట్టకుండా వేసే నూనె) వేసి తిప్పాలి. మరుసటి రోజుకి వాయిదా వేస్తే బేరింగులు తుప్పు పడతాయి.

తిరుపతి గాలి, చెన్నై ఫ్యూయల్

పుస్తకంలో చెప్పిన సెట్టింగ్ తిరుపతిలో ఎందుకు నిలవదన్న ప్రశ్నకు సగం జవాబు ఎండలో ఉంది. మే నెలలో తెల్లవారుజామున 27, 28 డిగ్రీలున్న ఊరు మధ్యాహ్నానికి 42 దగ్గరికి చేరుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఈ రెండు వేళల మధ్య గాలి సాంద్రత తేడా లెక్క ప్రకారం దాదాపు 5 శాతం. నీడిల్ మాత్రం అక్కడే ఉంది, ఫ్యూయల్ అంతే వస్తోంది. కాబట్టి పొద్దున సరిగ్గా ఉన్న ఐడిల్ మధ్యాహ్నం రిచ్ అయి బరువెక్కుతుంది. లెక్క చెప్పేదాని ప్రకారం కొంచెం బిగించాలి. కానీ అదే ఎండలో హెడ్ చల్లబడటం కూడా తగ్గుతుంది కాబట్టి వేడి చూసి భయపడి చాలామంది వదులు చేస్తారు, అప్పుడు ఐడిల్ ఇంకా చెడుతుంది. సరైన దారి ఏమిటంటే హై స్పీడ్ నీడిల్‌ను వేడిని బట్టి కాస్త రిచ్ వైపే ఉంచి, లో స్పీడ్ నీడిల్‌ను మాత్రం పించ్ పరీక్షతో మళ్లీ సరిచేసుకోవడం. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బండి తీయకపోవడం ఇంకా సరైన దారి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో గాలిలో తేమ ఎక్కువ. తేమ గాలిలో ఆక్సిజన్ వాటా కొద్దిగా తగ్గుతుంది. దానివల్ల జరిగే నష్టం చిన్నదే. పెద్ద నష్టం ఫ్యూయల్ డబ్బాలో జరుగుతుంది. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీ అయిన డబ్బా మూత వదులుగా పెట్టి వానాకాలమంతా మూలన పడేస్తే, ఆ ఫ్యూయల్‌తో ఏ నీడిల్ సెట్టింగూ నిలవదు. నైట్రో ఫ్యూయల్ ఇక్కడ కిరాణా కొట్టులో దొరికేది కాదు. చెన్నైలోనో బెంగళూరులోనో హాబీ షాపు నుంచి తెచ్చుకోవాలి. మండే ద్రవం కాబట్టి మామూలు కొరియర్‌లో రాదు. అందుకే పాత డబ్బాను పారబోయడానికి ఎవరికీ మనసొప్పదు. ఐడిల్ ఎంతకీ కుదరనప్పుడు కొత్తగా సీలు విప్పిన ఫ్యూయల్ ఒక ట్యాంకు పోసి చూడటం గంటల కొద్దీ నీడిల్ తిప్పడం కంటే చవక.

ఫ్యూయల్ అయిపోయినప్పుడు పెట్రోల్‌లో టూ-టీ ఆయిల్ కలిపి పోద్దామన్న ఆలోచన కూడా అప్పుడప్పుడు వస్తుంటుంది. పనిచేయదు. ప్లాటినం తీగ ఎర్రగా నిలవడానికి మిథనాల్ కావాలి, పెట్రోల్‌తో ఆ చర్య జరగదు. పైగా పెట్రోల్‌కి సిలికాన్ పైపులు ఉబ్బిపోతాయి. మిథనాల్ విషం, కొద్ది మిల్లీలీటర్లు లోపలికి పోయినా చూపు పోవచ్చు. మిథనాల్ మంట పట్టపగలు కంటికి కనిపించదు. పెట్రోల్‌ను వాటర్ బాటిల్‌లో పోసి పెట్టుకునే అలవాటు ఊళ్లలో ఉంది. ఈ ఫ్యూయల్‌తో ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

సెలవులకు బండిని కొండ మీదకి తీసుకెళ్లేవాళ్లకు ఇంకో తేడా ఎదురవుతుంది. తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లు దాటుతుంది. అక్కడ గాలి చల్లగా ఉంటుంది, దానివల్ల కొంత కలిసొచ్చినా మొత్తం మీద గాలి దాదాపు 10 శాతం పలచన. తిరుపతిలో చక్కగా తిరిగిన ఇంజన్ అక్కడ పొగలు కక్కుతూ స్లోలో ఆగిపోతే ఇంజన్ చెడిపోయిందనుకోనక్కర్లేదు. రెండు నీడిళ్లూ కొంచెం బిగించాలి. అసలు గుర్తుంచుకోవాల్సింది దిగాక చేయాల్సిన పని. కొండ మీద బిగించిన నీడిల్‌తో కిందికొచ్చి నడిపితే ఇంజన్ లీన్‌లో పడుతుంది. ఎక్కేముందు నీడిల్ గాడి ఎటు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకుంటే వెనక్కి తేవడం సులువు.

ఇక దుమ్ము. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే స్వర్ణముఖి నది ఇసుక, చంద్రగిరి వైపు ఎర్రమట్టి, రేణిగుంట చుట్టూ లేఅవుట్ల గ్రావెల్, బండి నడపడానికి భలే సరదాగా ఉంటాయి. ఫిల్టర్ స్పాంజి దుమ్ముతో మూసుకుపోతే గాలి తగ్గి ఐడిల్ రిచ్ అవుతుంది. ఇది కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టిస్తే పోయే సమస్య. స్పాంజి చిరిగినా, నూనె లేకుండా పొడిగా బిగించినా సన్నటి ఇసుక నేరుగా పిస్టన్‌కీ, అది కదిలే గొట్టం స్లీవ్‌కీ మధ్యకి పోతుంది. ఈ ఇంజన్లలో చాలావాటికి పిస్టన్ రింగు ఉండదు. స్లీవ్ పైభాగంలో కొద్దిగా సన్నబడి పిస్టన్‌ను బిగుతుగా పట్టుకోవడమే కంప్రెషన్. ఆ పట్టు అరిగిపోతే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతుంది, వేడెక్కగానే స్లీవ్ వ్యాకోచించి స్లోలో ఆగిపోతుంది, చల్లారేదాకా మళ్లీ స్టార్ట్ కాదు. ఇంజన్ చల్లగా ఉండగా ప్లగ్ తీసి ఫ్లైవీల్ చేత్తో తిప్పితే, పిస్టన్ పైకి చేరే చోట వేలికి బిగువు తగలాలి. ఏ అడ్డూ లేకుండా జారిపోతే నీడిళ్లతో ఇంక పనిలేదు. పిస్టన్, స్లీవ్ సెట్ మార్చాలి. చైనా తయారీ 18 సైజు ఇంజన్లకైతే విడి సెట్ కోసం వెతకడం కంటే కొత్త ఇంజన్ తేవడమే తేలిక.

కొత్త పిస్టన్ పడ్డాక మొదటి నాలుగైదు ట్యాంకులు ఐడిల్ ఒక తీరుగా ఉండదు. పట్టు బిగుతుగా ఉంటుంది, నీడిల్ కావాలనే రిచ్‌గా పెడతారు, అందువల్ల అప్పుడప్పుడు ఆగుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో ఐడిల్ స్క్రూని ఒక పిసరు పెంచి నడుపుకోవచ్చు. పించ్ పరీక్ష, నీడిల్ బిగింపులు ఈ బ్రేక్-ఇన్ (కొత్త పిస్టన్ ఒదిగే దశ) ముగిశాక చూసుకోవాలి.